కడుపు నొప్పి వెనుక దాగిన అరుదైన కారణాలు: ఎమర్జెన్సీలో వాటిని పట్టుకునే పద్ధతి

నేను క్యాజువాలిటీ డ్యూటీలో కొత్తగా చేరిన రోజుల్లో ఒక రాత్రి డెబ్బై దాటిన పెద్దాయన్ని తీసుకొచ్చారు. కడుపు పట్టుకుని మెలికలు తిరిగిపోతున్నారు. చెయ్యి వేసి చూస్తే కడుపు మెత్తగా ఉంది. ఎక్కడ నొక్కినా "అక్కడ కాదు బాబూ, లోపల" అంటున్నారు. బీపీ బాగానే ఉంది, జ్వరం లేదు. కేస్‌షీట్ మీద గ్యాస్ట్రైటిస్ అని రాసి, ఒక ఇంజెక్షన్ చేయించి పక్క బెడ్ దగ్గరికి వెళ్లిపోయాను. నాడి పట్టుకుని నిమిషానికి 104 అని రాశాను కానీ, అది లయ తప్పి కొట్టుకుంటోందని రాయలేదు. ఆ తేడా నా వేళ్ల కిందే ఉంది. తెల్లారేసరికి కడుపు గట్టిపడింది. ఆపరేషన్‌లో తెరిచి చూస్తే చిన్నపేగు చాలా భాగం నల్లబడిపోయి ఉంది. గుండెలో పుట్టిన రక్తపు గడ్డ కదిలి వెళ్లి, పేగుకు రక్తం తీసుకెళ్లే ధమనిలో ఇరుక్కుంది.

పేగుకు రక్తం ఆగిపోవడం గురించి నేను చదవక కాదు. పరీక్షలో అడిగితే అర పేజీ రాసేవాణ్ణి. గ్యాస్ట్రైటిస్ అనే మాట మనసులో పడ్డాక, దానితో పొసగని విషయాలు కంటికి ఆనడం మానేశాయి. కడుపు అంత మెత్తగా ఉంటే అంత నొప్పి ఎందుకు? నాడి ఎందుకలా తడబడుతోంది? ఈ రెండు ప్రశ్నలు వేసుకుని ఉంటే సరిపోయేది. అందుకే ఈ మార్గదర్శిని జబ్బుల జాబితాలా రాయడం లేదు. పొసగని విషయాన్ని ఎలా గమనించాలి, గమనించాక ఏం చేయాలి అన్న క్రమంలో రాస్తున్నాను. ఇది డ్యూటీ డాక్టర్ల కోసం, హౌస్ సర్జన్ల కోసం, ఎమర్జెన్సీ నర్సుల కోసం. వైద్యరంగంలో లేనివారు చదువుతుంటే ఒక్కటే మాట: హఠాత్తుగా వచ్చిన తీవ్రమైన కడుపు నొప్పికి ఇంట్లో కూర్చుని కారణం వెతక్కండి, వెంటనే ఆసుపత్రికి వెళ్లండి.

1. పేరు పెట్టే ముందు, మంచం పక్కనే అయిపోయే ఐదు పరీక్షలు

ఊపిరి, నాడి, బీపీ, ఆక్సిజన్, టెంపరేచర్ చూసి సెలైన్ లైన్ పెట్టడం అందరూ చేసేదే. దానితోపాటు ల్యాబ్ రిపోర్టుల కోసం ఎదురుచూడకుండా పూర్తయ్యే ఐదు పనులున్నాయి.

మొదటిది ఈసీజీ. బొడ్డు పైభాగంలో నొప్పి అని వచ్చిన నడివయసు వారికి, షుగర్ ఉన్నవారైతే అంతకంటే చిన్న వయసులో కూడా, వచ్చిన 10 నిమిషాల్లో తీసేయండి. గుండె కింది గోడకు వచ్చే హార్ట్ ఎటాక్ చాలాసార్లు వాంతులు, చెమటలు, పై కడుపు నొప్పితోనే బయటపడుతుంది. ముఖ్యంగా ఆడవారిలో, వృద్ధుల్లో, షుగర్ రోగుల్లో ఛాతీ నొప్పి అసలు లేకపోవచ్చు. 2, 3, ఏవీఎఫ్ లీడ్లలో మార్పు కనిపిస్తే కుడివైపు లీడ్లు కూడా తీయండి. మొదటి ఈసీజీ మామూలుగా ఉండి నొప్పి తగ్గకపోతే కాసేపు ఆగి మళ్లీ తీయండి.

రెండోది గ్లూకోమీటర్ చుక్క. కీటోఅసిడోసిస్‌లో (ఇన్సులిన్ చాలక రక్తంలో కీటోన్లనే ఆమ్లాలు పేరుకుపోవడం) కడుపు నొప్పి ఎంత తీవ్రంగా ఉంటుందంటే సర్జన్‌ని పిలిపించిన సందర్భాలు చాలా ఉన్నాయి. ఇక్కడ ఈమధ్య వచ్చిన కొత్త చిక్కు ఒకటుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగర్ మాత్రలు వాడేవారిలో షుగర్ పెద్దగా పెరగకుండానే కీటోఅసిడోసిస్ రావచ్చు. మీటర్ మీద 180 చూసి ఊపిరి పీల్చుకుంటాం, రోగి మాత్రం ఆయాసపడుతూ వాంతులు చేసుకుంటూనే ఉంటారు. ఈ మాత్రలు వాడుతున్నారని తెలిస్తే మీటర్ అంకెతో నిమిత్తం లేకుండా రక్తంలో కీటోన్లు చూడాల్సిందే.

మూడోది ప్రెగ్నెన్సీ టెస్ట్. గర్భం రాగల వయసులో ఉన్న ప్రతి స్త్రీకి చేయాలి. "నెలసరి వచ్చింది" అన్నా, "ఆపరేషన్ అయిపోయింది" అన్నా చేయాలి. ట్యూబులు కట్టిన తర్వాత గర్భం రావడం అరుదు. కానీ వస్తే అది ట్యూబులోనే ఉండే అవకాశం మామూలు కంటే ఎక్కువ.

నాలుగోది బెడ్‌సైడ్ అల్ట్రాసౌండ్. కడుపులో రక్తం చేరిందా, మహాధమని ఉబ్బిందా అన్న రెండు ప్రశ్నలకు జవాబు చాలు. పొట్ట దగ్గర మహాధమని 3 సెంటీమీటర్లు, అంతకు మించి ఉంటే అది అన్యూరిజమ్ కిందే లెక్క. అరవై దాటిన వ్యక్తికి జీవితంలో మొదటిసారి "కిడ్నీ రాయి నొప్పి" వచ్చిందంటే, ముందు మహాధమని చూసి ఆ తర్వాతే రాయి వెతకండి. అన్యూరిజమ్ పగిలితే నొప్పి నడుములో మొదలై గజ్జల్లోకి పాకుతుంది, అచ్చం రాయి నొప్పిలాగే. రక్తం వెన్ను వైపు చేరితే మామూలు స్కాన్‌లో కడుపులో నీరు కనబడదు. కాబట్టి "ఫ్రీ ఫ్లూయిడ్ లేదు" అన్న మాటతో నిశ్చింత పడకూడదు.

ఐదోది బ్లడ్ గ్యాస్. లాక్టేట్ (కణాలకు ఆక్సిజన్ చాలనప్పుడు రక్తంలో పెరిగే పదార్థం), సోడియం, పొటాషియం, బైకార్బొనేట్ నిమిషాల్లో చేతికొస్తాయి. వీటిలో ఏది తేడాగా ఉన్నా ఆ తర్వాతి ఆలోచన మొత్తం మారిపోతుంది.

2. నొప్పి తగ్గించండి

నొప్పి తగ్గిస్తే జబ్బు దాగిపోతుందన్న పాత నమ్మకం ఇంకా కొన్నిచోట్ల బతికే ఉంది. అది నిజం కాదు. నొప్పి తగ్గిన రోగి కుదురుగా పడుకుంటారు, కడుపు వదులుగా పెడతారు, అడిగినవాటికి సరిగ్గా జవాబు చెబుతారు. అలర్జీ, బీపీ, ఊపిరి చూసుకుని మార్ఫిన్ కొద్దికొద్దిగా ఇస్తూ పోవచ్చు. మందుకు రోగి ఎలా స్పందించారన్నది కూడా సమాచారమే. మెత్తని కడుపుతో ఉన్న మనిషికి రెండుసార్లు మార్ఫిన్ ఇచ్చినా నొప్పి లొంగకపోతే, అది గ్యాస్ కాదని దాదాపు తేలిపోయినట్టే.

3. అడగాల్సినవి, సాధారణంగా అడగనివి

"ఎప్పటి నుంచి?" అని అడిగితే "నిన్నటి నుంచి" అంటారు. "మొదలైనప్పుడు ఏం చేస్తున్నారు?" అని అడగండి. "కుర్చీలోంచి లేస్తున్నాను, కత్తితో పొడిచినట్టయింది" అని ఆ క్షణాన్ని గుర్తుపట్టి చెప్పారంటే, అది రక్తనాళం మూసుకోవడమో, పగలడమో, ఏదో అవయవం మెలిక పడడమో, రంధ్రం పడడమో అయ్యుంటుంది. మెల్లగా మొదలై గంటలకొద్దీ పెరిగిన నొప్పి సాధారణంగా వాపుదో, ఇన్ఫెక్షన్‌దో.

"ఇలాంటి నొప్పి ముందెప్పుడైనా వచ్చిందా? అప్పుడు ఏం తేల్చారు?" అన్నది తర్వాతి ప్రశ్న. పాత ఫైలు తెరిచి చూడండి. నాలుగుసార్లు అడ్మిషన్, రెండు ఎండోస్కోపీలు, అపెండిక్స్ తీసేశారు, అయినా నొప్పి వస్తూనే ఉంది అంటే ఆ ఫైలే ఒక లక్షణం. "మానసికం" అని ఎవరో ఒకరు రాసి ఉంటారు. ఆ మాట చూడగానే నేను మరింత జాగ్రత్త పడతాను, ఎందుకంటే ఆ తర్వాత వెతకడం ఆపేసి ఉంటారు.

మందుల గురించి నోటిమాట నమ్మొద్దు, స్ట్రిప్పులు తెప్పించి చూడండి. రక్తం పలచబరిచే మాత్రలుంటే కడుపు కండరంలోనో, పేగు గోడలోనో రక్తం చేరి ఉండొచ్చు. బీపీకి వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ తరహా మందులు పెదవులు వాచేలా చేస్తాయని అందరికీ తెలుసు. పేగు గోడను కూడా వాచేలా చేయగలవని చాలామందికి తట్టదు. నెలల తరబడి స్టెరాయిడ్ వాడి హఠాత్తుగా మానేసినవారిని ప్రత్యేకంగా అడగాలి, ఎందుకంటే "ఆయాసానికి మాత్రలు", "కీళ్లకు మాత్రలు" అంటారే తప్ప స్టెరాయిడ్ అనరు. లోహాలు కలిపి చేసే సంప్రదాయ మందుల గురించి, కోపగించుకోకుండా, మామూలు గొంతుతో అడగండి.

ఏం పని చేస్తారని అడగండి. బ్యాటరీలు విప్పేవారు, పాత రంగులు గీకేవారు, లోహాలు కరిగించేవారు చెప్పే పట్టేసినట్టుండే నొప్పి, మలబద్ధకం, రక్తహీనత, ఈ మూడూ కలిస్తే సీసం గుర్తుకు రావాలి. రక్తంలో సీసం స్థాయి పంపండి. ఈలోగా బ్లడ్ స్మియర్‌లో ఎర్రకణాల మీద నీలి చుక్కలున్నాయేమో చూడమని ల్యాబ్‌కి ఫోన్ చేయండి. చుక్కలు లేకపోయినంత మాత్రాన సీసం లేదని కాదు.

గంజాయి సంగతి మనిషిని ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి. ఏళ్ల తరబడి వాడుతూ, విడవకుండా వాంతులతో వచ్చి, "వేడినీళ్లు పోసుకుంటే కాస్త తగ్గుతుంది" అని చెబితే అది కెనబినాయిడ్ హైపరెమెసిస్ కావచ్చు. మిగతా కారణాలు లేవని తేల్చుకున్నాకే ఆ పేరు పెట్టండి.

కట్లపాములు తిరిగే ప్రాంతాల్లో మరో ప్రశ్న ప్రాణం నిలబెడుతుంది: "రాత్రి ఎక్కడ పడుకున్నారు?" నేల మీద పడుకుని, తెల్లవారుజామున కడుపు నొప్పితో, వాంతులతో లేచారంటే కనురెప్పలు చూడండి. కట్లపాము కాటు నొప్పి పుట్టించదు, గాటు కనిపించకపోవచ్చు. రెప్పలు వాలిపోవడం, మాట ముద్దగా రావడం, మింగలేకపోవడం మొదలైతే ఊపిరి కండరాలు పడిపోయే వేళ దగ్గరపడిందని అర్థం. ఈ విషం నరాల మీద పనిచేస్తుంది కాబట్టి 20 నిమిషాల రక్తం గడ్డకట్టే పరీక్ష మామూలుగానే రావచ్చు. అది చూసి పాము కాదనుకోకండి. యాంటీవీనమ్ మొదలుపెట్టి, వెంటిలేటర్ సిద్ధం చేసుకోండి.

4. చెయ్యి వేసే ముందు చూడండి, తర్వాత ఎవరూ చూడని చోట చూడండి

మంచం అంచున అర నిమిషం ఊరికే నిలబడండి. కడుపు లోపలి పొర (పెరిటోనియం) వాచిన మనిషి కదలరు, దగ్గడానికి కూడా భయపడతారు. మెలికలు తిరిగే మనిషికి రాయి కావచ్చు, రక్తనాళం కావచ్చు, ఏదైనా అవయవం మెలిక పడి ఉండొచ్చు.

దుప్పటి పూర్తిగా తీయండి. గజ్జలు చూడకుండా, వృషణాలు చూడకుండా "కడుపు నార్మల్" అని రాయకూడదు. టీనేజ్ కుర్రాళ్లు సిగ్గుతో పొత్తికడుపు నొప్పి అనే చెబుతారు. వృషణం మెలిక పడితే 6 గంటల లోపు విప్పితేనే దాన్ని కాపాడుకునే అవకాశం బాగా ఉంటుంది. సన్నగా, బలహీనంగా ఉన్న వృద్ధురాలికి పేగు అడ్డుపడిన లక్షణాలుండి, ఏ ఆపరేషన్ మచ్చా లేకపోతే గజ్జ కింద ఫెమోరల్ హెర్నియా (తొడ పైభాగంలోకి పేగు జారడం) వెతకండి. అక్కడ ఏమీ లేకుండా తొడ లోపలివైపు నొప్పి ఉంటే, కాలు వెనక్కి చాపి లోపలికి తిప్పినప్పుడు ఆ నొప్పి పెరిగితే, అది అబ్ట్యురేటర్ హెర్నియా (కటి ఎముకలోని రంధ్రంలోకి పేగు జారడం) కావచ్చు. బయటికి గడ్డ కనిపించదు, సీటీలోనే దొరుకుతుంది.

వెనక్కి తిప్పి నడుము, వీపు చూడండి. ఒకే పట్టీలా ఒకవైపే మంట, బట్ట తగిలినా చురుక్కుమనడం ఉంటే సర్పి (హెర్పిస్ జోస్టర్) కావచ్చు. పొక్కులు రావడానికి కొన్ని రోజుల ముందే నొప్పి వస్తుంది.

ఇక నాకు చాలా ఇష్టమైన పరీక్ష. 1926లో కార్నెట్ అనే సర్జన్ రాసిన ఈ పద్ధతికి ఖర్చు లేదు, యంత్రం అక్కర్లేదు. నొప్పి ఉన్న చోటు ఒక్క వేలితో చూపించమనండి. మీ వేలు అక్కడే ఆనించి, నొప్పి తెలిసేంత నొక్కి ఉంచండి. ఇప్పుడు రోగిని చేతులు ఛాతీ మీద కట్టుకుని, తల, భుజాలు మంచం మీది నుంచి పైకి లేపమనండి. కడుపు కండరం మీ వేలి కింద పలకలా బిగుస్తుంది. నొప్పి లోపలి అవయవానిదైతే బిగిసిన కండరం దానికి కవచంలా అడ్డుపడి నొప్పి తగ్గుతుంది. నొప్పి అలాగే ఉన్నా, పెరిగినా అది కడుపు గోడదే. రెక్టస్ (కడుపు మధ్యలో నిలువుగా ఉండే) కండరం బయటి అంచున, వేలికొన పట్టేంత చోటులో ఇలా దొరికితే అది నరం నొక్కుకుపోయిన నొప్పి కావచ్చు. సరిగ్గా ఆ చోట కొద్దిగా లిగ్నోకైన్ (మొద్దుబార్చే మందు) ఇస్తే నిమిషాల్లో మనిషి ముఖం తేటపడుతుంది. నెలల తరబడి స్కాన్లు, ఎండోస్కోపీలు చేయించుకున్నవారు ఆ క్షణాన కళ్లనీళ్లు పెట్టుకోవడం చూశాను.

దీనికి రెండు హద్దులున్నాయి. కడుపు ముందే గట్టిపడి ఉంటే ఈ పరీక్షకు అర్థం లేదు. రక్తం పలచబరిచే మందు వాడుతూ, గట్టిగా దగ్గిన తర్వాత ఒకవైపు గడ్డలా తేలి, కార్నెట్ పరీక్షలో నొప్పి పెరిగితే అది కండరం తొడుగులో చేరిన రక్తం. అక్కడ సూది గుచ్చకండి. హిమోగ్లోబిన్ చూసి, స్కాన్ చేయించండి.

5. నొప్పి కొండంత, కడుపు దూదంత

ఈ పొంతన లేకపోవడాన్ని గట్టిగా పట్టుకోండి. రోగి చెప్పే నొప్పికీ, మీ చేతికి తగిలే కడుపుకూ పొసగకపోతే రెండు దారులే ఉన్నాయి: కడుపులోనే ఉంది కానీ ఇంకా పొరను తాకలేదు, లేదా అసలు కడుపులోనే లేదు.

మొదటి దారిలో ముందు తలవాల్సింది పేగుకు రక్తం ఆగిపోవడం. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ (గుండె లయ తప్పి కొట్టుకోవడం), ఈమధ్య వచ్చిన హార్ట్ ఎటాక్, గుండె వాల్వు జబ్బు ఉన్నవారిలో గడ్డ వచ్చి ఇరుక్కుంటుంది. నొప్పి హఠాత్తుగా వస్తుంది, వెంటనే ఒకసారి వాంతో విరేచనమో అవుతుంది. ఆ విరేచనాన్ని చూసి గ్యాస్ట్రోఎంటరైటిస్ అని రాసేస్తాం. వృద్ధులకు ఆ పేరు పెట్టే ముందు రెండుసార్లు ఆలోచించండి. ఇంకొందరిలో ధమని ఏళ్లుగా సన్నబడి ఉంటుంది. వారు తిన్న తర్వాత నొప్పి వస్తుందన్న భయంతో తిండి తగ్గించి, బరువు తగ్గి ఉంటారు. సిరలో గడ్డ పడితే నొప్పి కొన్ని రోజులుగా నెమ్మదిగా పెరుగుతుంది. రక్తం గడ్డకట్టే గుణం ఎక్కువున్నవారిలో, చిన్న వయసులో కూడా ఇది వస్తుంది. ఐసీయూలో బీపీ పెంచే మందుల మీద ఉన్నవారిలో ఏ గడ్డా లేకుండానే రక్తనాళాలు బిగుసుకుపోవచ్చు.

లాక్టేట్ పెరిగితే అనుమానం బలపడుతుంది. పెరగకపోతే అనుమానం పోకూడదు. తొలి గంటల్లో లాక్టేట్ మామూలుగానే ఉండొచ్చు, అది పెరిగేసరికి పేగు చచ్చిపోతూ ఉండొచ్చు. కావాల్సింది సీటీ యాంజియోగ్రామ్, అదీ వెంటనే. క్రియాటినిన్ రిపోర్టు కోసం ఆగకండి. కిడ్నీకి జరగబోయే నష్టం కంటే ఆలస్యం వల్ల పోయే పేగు చాలా పెద్ద నష్టం. తాగించే కాంట్రాస్ట్ అక్కర్లేదు. రక్తం పూర్తిగా ఆగిపోతే 6 గంటల్లోపే పేగు గోడ తిరిగి కోలుకోలేని స్థితికి చేరవచ్చు. స్కాన్‌కి పంపుతూనే సర్జన్‌కి ఫోన్ చేయండి. గడ్డ అని తేలితే, అడ్డంకి ఏమీ లేకపోతే రక్తం గడ్డకట్టకుండా ఆపే హెపారిన్, యాంటీబయాటిక్స్ మొదలుపెట్టండి.

ఇదే దారిలో మరికొన్ని కనిపిస్తాయి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్ ఉన్నవారికి డొక్కలో నొప్పి, రక్తంలో ఎల్‌డీహెచ్ అనే ఎంజైమ్ బాగా ఎక్కువ, స్కాన్‌లో రాయి లేదు అంటే కిడ్నీకి రక్తం ఆగి ఉండొచ్చు. అండాశయం మెలిక పడితే డాప్లర్‌లో రక్తప్రవాహం కనిపించినా మెలిక లేదని చెప్పలేం. లక్షణాలు గట్టిగా ఉంటే గైనకాలజిస్ట్ లాపరోస్కోప్‌తో చూడాల్సిందే. మహాధమని గోడ చీలితే నొప్పి ఛాతీలో మొదలై కడుపులోకి దిగవచ్చు. రెండు చేతుల్లో బీపీ చూసి, తేడా ఉందేమో గమనించండి.

రెండో దారిలో, అంటే కడుపులో లేని కారణాల్లో, ఈసీజీ, షుగర్, కీటోన్లు ఇప్పటికే చూశాం. ఊపిరితిత్తి కింది భాగంలో న్యుమోనియా, ఊపిరితిత్తిలో గడ్డ, కాల్షియం పెరగడం, సికిల్ సెల్ నొప్పి కూడా ఇలాగే వస్తాయి. వీటన్నిటిలో ఆలస్యమైతే అసలు క్షమించనిది అడ్రినల్ క్రైసిస్, అంటే అడ్రినల్ గ్రంథుల నుంచి వచ్చే కార్టిసాల్ హార్మోన్ ఒంటికి చాలకపోవడం. వాంతులు, కడుపు నొప్పి, సెలైన్ ఎంత ఎక్కించినా లేవని బీపీ, సోడియం తక్కువ, పొటాషియం ఎక్కువ, షుగర్ తక్కువ. స్టెరాయిడ్ మానేసి వచ్చినవారిలో పొటాషియం మామూలుగానే ఉంటుంది, దాన్ని బట్టి కొట్టిపారేయకండి. కార్టిసాల్ కోసం రక్తం తీసి, రిపోర్టు కోసం ఆగకుండా హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. సిరలోకి ఇచ్చేయండి. అనుమానం తప్పయినా ఒక డోసుతో పెద్ద నష్టం లేదు. నిజమై, ఇవ్వకపోతే మనిషి దక్కకపోవచ్చు.

6. మళ్లీ మళ్లీ వచ్చే నొప్పి, ప్రతిసారీ మామూలు రిపోర్టులు

ఇరవై నుంచి నలభై ఏళ్ల మధ్య ఉన్న స్త్రీ, నెలసరికి ముందు రోజుల్లోనో, ఉపవాసం తర్వాతో, కొత్త మందు మొదలుపెట్టాకో తీవ్రమైన నొప్పితో వస్తుంది. కడుపు మెత్తగా ఉంటుంది. నాడి వేగంగా ఉంటుంది, బీపీ పెరిగి ఉంటుంది, సోడియం 122కి పడిపోయి ఉంటుంది. కాళ్లు నొప్పులు, చేతుల్లో బలం తగ్గడం, కంగారు, నిద్రలేమి. ఇవన్నీ విడివిడిగా చూస్తే "టెన్షన్" అనిపిస్తాయి. కలిపి చూస్తే అక్యూట్ పోర్ఫిరియా, అంటే ఒంట్లో హీమ్ తయారీలో ఉన్న పుట్టు లోపం వల్ల వచ్చే దాడి.

ఈ జబ్బును పట్టించేది మూత్రం. పట్టినప్పుడు మామూలు రంగులోనే ఉండొచ్చు. కాసేపు వెలుతురులో ఉంచితే ముదురు టీ రంగుకి, తర్వాత ఎర్రగోధుమ రంగుకి తిరుగుతుంది. వార్డులో కిటికీ పక్కన మర్చిపోయిన యూరిన్ బాటిల్‌ని పారబోయబోతూ, "సార్, ఇది పొద్దున ఈ రంగులో లేదు" అని ఒక నర్సమ్మ చెప్పిన మాటతో నేను ఒకసారి ఈ జబ్బును పట్టుకోగలిగాను. అందరి మూత్రంలోనూ రంగు మారదు కాబట్టి, నిర్ధారణకు ఒకసారి పట్టిన మూత్రంలో పోర్ఫోబిలినోజెన్ (ఈ జబ్బులో పేరుకుపోయే పదార్థం), క్రియాటినిన్ రెండూ పంపాలి. బాటిల్‌కి అల్యూమినియం ఫాయిల్ చుట్టి వెలుతురు తగలకుండా చేయండి. నొప్పి ఉన్నప్పుడే పట్టండి. ఆ సమయంలో అది మామూలుగా వస్తే అక్యూట్ పోర్ఫిరియా దాదాపు కాదనే అర్థం.

అనుమానం వచ్చిన క్షణం నుంచి ప్రతి మందునూ సురక్షిత జాబితాతో సరిచూసుకుని ఇవ్వండి. బార్బిచ్యురేట్లు, ఫెనిటాయిన్, వాల్‌ప్రోయేట్, రిఫాంపిసిన్, సల్ఫా మందులు దాడిని రెచ్చగొడతాయి. సోడియం పడిపోయి ఫిట్స్ వస్తే అలవాటు కొద్దీ ఫెనిటాయిన్ ఎక్కించే ప్రమాదం ఉంది, ముందే కేస్‌షీట్ మీద ఎర్రగా రాసి పెట్టండి. నొప్పికి మార్ఫిన్ ఇవ్వొచ్చు. అసలు చికిత్స హీమిన్: రోజుకు కిలోకి 3 నుంచి 4 మి.గ్రా. చొప్పున 4 రోజులు. అది వచ్చేలోగా, దాడి తీవ్రంగా లేకపోతే, గ్లూకోజ్ ఉపయోగపడుతుంది. అయితే ఉత్త డెక్స్‌ట్రోజ్ ధారాళంగా ఎక్కిస్తే సోడియం ఇంకా పడిపోతుంది. ఊపిరి కండరాల బలం గంటగంటకూ చూడండి.

వంశపారంపర్యంగా వచ్చే వాపు జబ్బు హెరిడిటరీ యాంజియోఎడీమాలో పేగు గోడ వాచి విపరీతమైన నొప్పి, వాంతులు వస్తాయి, 2 నుంచి 5 రోజుల్లో దానంతటదే తగ్గిపోతుంది. స్కాన్‌లో పేగు మందంగా, చుట్టూ కొంత నీరు కనిపించి, కొన్ని రోజుల తర్వాత చేసిన స్కాన్‌లో ఏమీ ఉండదు. దద్దుర్లు ఉండవు. ఇంట్లో ఎవరికైనా ముఖమో, చేతులో వాచే అలవాటుందా అని అడగండి. రక్తంలో సీ4 అనే ప్రోటీన్ తక్కువగా ఉంటే దారి దొరికినట్టే. దీనికి అడ్రినలిన్, స్టెరాయిడ్, అలర్జీ మందులు పనిచేయవు. సీ1 ఇన్హిబిటర్ గానీ, ఐకాటిబాంట్ గానీ కావాలి.

జ్వరంతో కలిసి వచ్చి, ఒకటి నుంచి మూడు రోజుల్లో పూర్తిగా తగ్గిపోయి, మళ్లీ వచ్చే నొప్పికి ఫెమీలియల్ మెడిటరేనియన్ ఫీవర్ అనే వంశపారంపర్య జబ్బు కారణం కావచ్చు. కాల్చిసిన్‌తో అదుపులో ఉంటుంది.

7. పిల్లల విషయంలో

పిల్లలు ఏ నొప్పినైనా బొడ్డు దగ్గరే చూపిస్తారు. జ్వరం, వేగంగా ఊపిరి ఉంటే ఛాతీ ఎక్స్‌రే తీయించండి. పిరుదులు, కాళ్లు విప్పి చూడండి: చేతికి తగిలే ఎర్రమచ్చలుంటే ఐజీఏ వాస్కులైటిస్ (చిన్న రక్తనాళాల వాపు). కొందరిలో మచ్చలకంటే ముందే నొప్పి వస్తుంది. ఆరు నెలల నుంచి రెండేళ్ల లోపు పసివాళ్లు ఉండుండి కాళ్లు ముడుచుకుని ఏడ్చి, మధ్యలో నీరసంగా వాలిపోతుంటే పేగులో పేగు దూరి ఉండొచ్చు. రక్తం కలిసిన విరేచనం కోసం ఎదురుచూడకండి, అది ఆలస్యంగా వచ్చే లక్షణం. అల్ట్రాసౌండ్ చాలు. ఆటబొమ్మల్లోని అయస్కాంతాలు ఒకటి కంటే ఎక్కువ మింగితే అవి పేగు గోడలకు అటూఇటూ ఒకదాన్నొకటి అంటుకుని రంధ్రం చేస్తాయి. ఎక్స్‌రేలో ఒకటే కనబడినా రెండు అతుక్కుని ఉండొచ్చు.

8. రిపోర్టులు మోసం చేసే చోట్లు

తెల్లకణాలు మామూలుగా ఉన్నంత మాత్రాన వృద్ధుల్లో, స్టెరాయిడ్ వాడేవారిలో, కీమోథెరపీ తీసుకునేవారిలో ప్రమాదం లేదని కాదు. అమైలేజ్ (క్లోమం నుంచి వచ్చే ఎంజైమ్) పెరిగితే ప్రతిసారీ క్లోమం వాపు కాదు, పేగుకు రక్తం ఆగినా, రంధ్రం పడినా, కీటోఅసిడోసిస్‌లోనూ పెరుగుతుంది. మరోవైపు రక్తంలోని కొవ్వులైన ట్రైగ్లిసరైడ్లు 1000 మి.గ్రా./డె.లీ. దాటి వచ్చిన ప్యాంక్రియాటైటిస్‌లో (క్లోమం వాపులో) అమైలేజ్ మామూలుగా రావచ్చు. ట్యూబులో సీరమ్ పాలలా తెల్లగా ఉందని ల్యాబ్ టెక్నీషియన్ చెబితే ఆ మాటే రిపోర్టు కంటే విలువైనది. లివర్ జబ్బుతో కడుపులో నీరున్నవారికి నొప్పో జ్వరమో వస్తే ఆ నీటిని తీసి పరీక్షించండి. న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు క్యూబిక్ మి.మీ.కి 250 లేదా అంతకు మించి ఉంటే ఇన్ఫెక్షన్ కింద లెక్కేసి యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి.

స్కాన్ ఫారం మీద "కడుపు నొప్పి" అని మాత్రమే రాసి పంపితే జవాబూ అంతంతమాత్రంగానే వస్తుంది. "72 ఏళ్లు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్, హఠాత్తుగా నొప్పి, కడుపు మెత్తగా ఉంది, పేగు ధమనిలో గడ్డ అనుమానం" అని రాయండి. ఇది మర్యాద కోసం కాదు. మామూలు కడుపు సీటీ సిరల దశలోనే తీస్తారు, అందులో ధమనిలోని గడ్డ తప్పిపోవచ్చు. మీ అనుమానం తెలిస్తేనే ధమనుల దశ, సిరల దశ రెండూ తీస్తారు. వీలైతే రేడియాలజిస్ట్ పక్కన నిలబడి చూడండి. పెద్దపేగు పక్కన చిన్న కొవ్వు తునక మెలిక పడి వాచిన ఎపిప్లాయిక్ అపెండజైటిస్ లాంటివి స్కాన్‌లో తేలితే సంతోషించాల్సిన విషయం. నొప్పి మాత్రలతో తగ్గిపోతుంది, అనవసరమైన ఆపరేషన్ తప్పుతుంది.

9. ఏమీ తేలకపోతే

ఇది తరచూ జరుగుతుంది, తప్పు కాదు. తప్పేమిటంటే ఆ ఖాళీలో గ్యాస్ట్రైటిస్ అని నింపడం. "కారణం ఇంకా తేలని కడుపు నొప్పి" అనే రాయండి. రేపు ఇంకో డాక్టర్ ఆ ఫైలు తెరిచినప్పుడు వెతకడం కొనసాగిస్తారు. నాలుగైదు గంటలు అబ్జర్వేషన్‌లో ఉంచి, మొదట చూసిన చెయ్యే మళ్లీ కడుపు చూడాలి. డ్యూటీ మారుతుంటే కొత్తగా వచ్చినవారితో కలిసి బెడ్ దగ్గర నిలబడి చూపించండి.

నాడి వేగం తగ్గనివారిని, మార్ఫిన్ తరహా మందు రెండోసారి అవసరమైనవారిని, నీళ్లు కూడా ఇమడనివారిని, అదే నొప్పికి మూడోసారి వచ్చినవారిని, ఎంత బాగున్నామన్నా ఇంటికి పంపకండి. వృద్ధులనైతే ఇంటికి పంపడానికి ఇంకా ఎక్కువ వెనకాడతాను. పంపగలిగినవారికి 12 నుంచి 24 గంటల్లో తిరిగి చూపించుకోమని టైమ్ రాసి ఇవ్వండి. నొప్పి పెరిగినా, వాంతులు ఆగకపోయినా, కళ్లు తిరిగి పడిపోయినా, మలంలో రక్తం కనిపించినా, జ్వరం వచ్చినా ఆ టైమ్ దాకా ఆగొద్దని రోగితోపాటు వెంట వచ్చినవారికీ చెప్పండి. చెప్పిన తర్వాత, "ఏం జరిగితే వెంటనే వస్తారు?" అని వారినే అడిగి, వారి నోటితో తిరిగి చెప్పించుకోండి.